పడవలో బకెట్టు

తాడు బిగించి పట్టుకోకూడదు, అలాగని వదిలేయకూడదు, లేగదూడ పలుపు పట్టుకున్నట్టు పట్టుకోవాలి. ఆయనకేం, శశికుమార్ సారు గట్టు మీద నిలబడి ఎన్నైనా చెబుతాడు, నేనెప్పుడు పట్టుకున్నాను లేగదూడను, మా ఇంట్లో ఉన్నవన్నీ మేకలు. ఒక చేతిలో తెరచాప తాడు, ఇంకో చేతిలో చుక్కాని కర్ర, ముక్కు మీద చెమట, తుడుచుకోవడానికి మూడో చెయ్యి లేదు. పడవంటే పెద్దదేమీ కాదు, మా స్టాఫ్ రూములో బల్లకంటే కాస్త పొడవు, కాళ్ళు చాపితే అవతలి చివర తగిలేటట్టుంది. ఒక తెరచాప, ఒక చుక్కాని, అడుగున తాడుతో కట్టేసిన ఒక బకెట్టు, నూనె డబ్బా కోసి చేసిన ఒక మగ్గు, ఇంతే దీని సంసారం. వెనక నుంచి ఆషాఢం గాలి తోస్తోంది, వద్దన్నా తోస్తోంది, రిజర్వాయరు గట్టు దూరమైపోతోంది. నేను ముందుకు పోతున్నానని అనిపించడం లేదు, గట్టే నన్ను వదిలేసి పోతున్నట్టుంది. వెనక్కి తిరిగి చూడొద్దు, చూస్తే పడవ పక్కకు తిరుగుతుంది అన్నాడు. చూశాను. తిరిగింది. తెరచాప పటపటలాడింది, నా గుండె దానికంటే ఎక్కువ కొట్టుకుంది, ఎలాగో మళ్ళీ సరిచేశాను. ఆ ఒక్క క్షణంలో చూసిందేమంటే నారింజ రంగు జాకెట్లలో మా పిల్లలు, ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా, వాళ్ళ పక్కన రాయి మీద మా అమ్మ, తల మీద కొంగు, ఒళ్ళో ఖాళీ ప్లాస్టిక్ సీసా.

అమ్మను తీసుకురాకుండా ఉండాల్సింది. అసలు నేనే రాకుండా ఉండాల్సింది. అంతా నా నోటి దురద. పిల్లల్ని శనివారాలు పడవ నేర్పించడానికి తెచ్చే పీఈటీ మేడానికి మడకశిర ట్రాన్స్‌ఫర్ అయింది. మా ప్రిన్సిపాల్ జయంతి మేడం మీటింగు పెట్టి, "ఆడపిల్లోళ్ళు నీళ్ళ మీదికి పోవాలంటే ఆడ టీచరు ఒకరు పడవ నడపను వచ్చినోళ్ళు కూడా ఉండాల, అది ఆడ రూలు, ఎవురన్నా నేర్చుకుంటారా, లేకుంటే ఇంతటితో ఆపేద్దామా" అన్నప్పుడు అందరూ నేల మీద టైల్స్ చూస్తూ కూర్చున్నారు. లెక్కల మేడానికి నడుం నొప్పి. తెలుగు మేడానికి జాతకంలో జలగండం. నేను సోషల్ మేడాన్ని, ఇన్నేళ్ళుగా పిల్లలకు సముద్రాలు, నదులు, పవనాలు, వాస్కోడగామా అన్నీ బోర్డు మీద గీసి చెప్పినదాన్ని, ఈశ్వరి మేడం చెబితే సముద్రం కనబడుతుందని ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆయన కూడా అన్నాడు, సముద్రం నేనే చూడలేదని ఆయనకు చెప్పలేదు. నేను నేర్చుకుంటానన్నాను. ఎందుకన్నానంటే ఆ క్షణంలో అశ్విని గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతి. అమ్మానాయన బెంగళూరులో బిల్డింగు పనులకు పోయినారు, పిల్ల హాస్టల్లో ఉంటుంది, తరగతిలో లేపి నిలబెడితే తల దించుకుని కాలి బొటనవేలితో నేల గీస్తుంది, ఏడాదంతా నాకు దాని గొంతు తెలియదు. ఒక శనివారం పీఈటీ మేడానికి తోడుగా నేను ఊరికే వచ్చాను, ఇక్కడ గట్టు మీద కూర్చుని సమాధాన పత్రాలు దిద్దుకుంటూంటే నీళ్ళ మీద నుంచి ఒక పిల్ల అరుపు వినబడింది, "వంగు! తల వంగు! తాడు ఇడ్సు!" అని. ఎవరా అని చూస్తే అశ్విని. పడవలో ఇంకో పిల్లను కూర్చోబెట్టుకుని, వీపు నిటారుగా పెట్టుకుని, దొరసానిలాగా. నా చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఆగిపోయింది.

అందుకని ఇప్పుడు నేనిలా. చాలా వారాలు శశికుమార్ సారు ఎదురుగా కూర్చుని నేర్పించాడు. ఆయన నేవీలో చేసి రిటైరై వచ్చినవాడు, హిందూపురం మనిషి, మాట్లాడితే సగం కన్నడం, సగం నేవీ. ఈ రోజు పరీక్ష. ఒక్కదాన్నే పోవాలి, అక్కడెక్కడో తేలుతున్న ఎర్ర డ్రమ్ము చుట్టూ తిరగాలి, ఒక్కదాన్నే గట్టుకు తేవాలి. "నేను మోటారు బోటు తీసుకొని మీకాడికి వచ్చినానంటే లెక్క లేదు మేడం, ముందే చెప్తాండా. మీరు రాలేదంటే పిల్లోళ్ళకి వచ్చే శనివారం నుంచి పడవ ఉండదు, నాకూ బాధే, ఏం చేసేది" అన్నాడు. పిల్లలు విన్నారు. అశ్విని నా జాకెట్ బకిల్స్ తనే పెట్టింది, చిన్నపిల్లకు పెట్టినట్టు ఒక్కొక్కటీ లాగి చూసి, ఏమీ మాట్లాడకుండా. మాట్లాడి ఉంటే బాగుండేది. మునగను కూడా మునగను, జాకెట్టు ఉంది, మునగడం గురించి కాదు నా భయం, నన్ను తాడు కట్టి లాక్కుని పోతారే, అప్పుడా పిల్ల ముఖం చూడాలే, అది.

నీళ్ళ మధ్యలో కరెంటు స్తంభాలు తలలు పైకి పెట్టుకుని ఉన్నాయి, వైర్లు లేవు, ఒక్కో స్తంభం మీద ఒక్కో కొంగ. కింద ఎవరివో చేలు. ఈ నీళ్ళు రాకముందు ఇక్కడ చెనిక్కాయ పండేది, ఇప్పుడు దాని మీద నేను పడవలో పోతున్నాను. కృష్ణ ఎక్కడ, మేమెక్కడ, మోటార్లు పెట్టి ఎత్తి, కాలువల వెంట తోసి తోసి ఇక్కడ దాకా తెచ్చారు, తరగతిలో మ్యాపు మీద బెత్తంతో చూపిస్తాను, చూపించేటప్పుడు నాకే నమ్మకం ఉండదు. ఉరవకొండ వైపు గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి, అవి తిరిగే వేగం చూస్తే గాలెంతుందో తెలుస్తుందన్నాడు సారు, ఇప్పుడు చూడాలని లేదు. అమ్మ ఉదయం బస్సు దిగి గట్టెక్కి ఈ నీళ్ళు మొదటిసారి చూసింది. ఎన్నాళ్ళుగానో అడుగుతోంది, నీళ్ళంటే ఎన్ని నీళ్ళే, మన పాత బావి అంత ఉంటాయా అని. కనిపించినంత మేరా ఉంటాయిమా అంటే నమ్మలేదు, చూడాలని పట్టుబట్టింది, పిల్లలతోపాటు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చింది. గట్టెక్కి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. అప్పుడడిగింది. "ఇదంతా ఎవురిదే?" గవర్నమెంటుదిమా అన్నాను. కొంగు సర్దుకుని అటూ ఇటూ చూసి, "మల్ల కావిలి ఎవురూ లేరే?" అంది. పిల్లలు నవ్వారు, నేను నవ్వలేదు, నాకూ మొదటి రోజు అదే అనిపించింది.

డ్రమ్ము వచ్చేసింది. ఇంత తొందరగానా. కాసేపాగు. ఆగదు కదా. కర్ర నెట్టాలి, తాడు లాగాలి, తల వంచాలి, ఈ మూడూ ఒకేసారి, తల వంచడం మర్చిపోతే తెరచాప అడుగునుండే అడ్డకర్ర వచ్చి నెత్తి పగలగొడుతుంది, ఒకసారి కొట్టించుకున్నాను, బొప్పి కట్టింది, స్టాఫ్ రూములో అందరూ దాన్ని ముట్టుకుని చూశారు. కర్ర నెట్టాను. వంగాను. అడ్డకర్ర తల మీద నుంచి సర్రుమని పోయింది, జుట్టును తాకింది, డ్రమ్ము పడవ పక్కకు తగిలీ తగలకుండా వెనక్కి పోయింది. తిరిగాను. నేనే తిరిగాను! ఓసి దీని అసాధ్యం కూలా, వాస్కోడగామా కూడా ఇంతే సంతోషించి ఉంటాడు. పైకే నవ్వేశాను, కొంగ ఒకటి లేచిపోయింది.

నవ్వు ఎంతసేపో ఉండలేదు. వచ్చేటప్పుడు గాలి వెనక ఉంది, మెత్తగా ఉంది, ఇప్పుడదే గాలి ముఖం మీద కొడుతోంది, ఇదెక్కడి గాలి, ఇంతసేపూ ఎక్కడ దాక్కుంది. గాలికి ఎదురుగా పడవ నేరుగా పోదు, వంకరటింకరగా పోవాలి, కొంచెం కుడికి, మలుపు, కొంచెం ఎడమకు, మళ్ళీ మలుపు. అలలు వచ్చి ముందు భాగానికి తగిలి లోపలికి చిమ్ముతున్నాయి. చున్నీ తడిసింది, ఒడి తడిసింది, అడుగున నీళ్ళు చేరాయి, పాదాలు మునిగాయి. నీళ్ళెక్కువైతే కంగారు పడొద్దు, తాడు వదిలెయ్యండి, పడవ అదే నిలబడిపోతుంది, నిదానంగా తోడుకోండి అని చెప్పి ఉన్నాడు. తాడు వదిలేశాను. తెరచాప ఒక పక్కకు పోయి గుడ్డ ఆరేసినట్టు రెపరెపలాడింది. మగ్గు అందుకుని నీళ్ళు ముంచి బకెట్టులో పోశాను. ముంచాను, పోశాను. చేతికి ఈ పని తెలుసు, నేర్పించక్కర్లేదు, ఇన్నేళ్ళు చేసిన పని. పడవంతటా పారాడుతున్న నీళ్ళు బకెట్టులోకి చేరి బుద్ధిగా కూర్చున్నాయి, అడుగు తేలింది, బకెట్టు నిండింది. దాన్ని ఒలకకుండా రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాను. చూసుకుంటే నా పనితనం నాకే ముచ్చటేసింది.

అశ్విని మొదటిసారి పడవెక్కిన రోజు ఏం చేసిందో శశికుమార్ సారు వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటాడు. పడవలోకి నీళ్ళొచ్చాయట, తోడమ్మా అన్నాడట, పిల్ల మగ్గు నిండా ముంచి, రెండు చేతులా పట్టుకుని, చుట్టూ చూసి, "సార్, ఈ నీళ్ళు యాడ పొయ్యాల?" అని అడిగిందట. చుట్టూ కనుచూపు మేరా నీళ్ళు. "యాడన్నా పొయ్యమ్మా తల్లీ, కింద ఉండేది అదే కదా!" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడట. మిగతా పడవల్లో పిల్లలు నవ్వలేదు. వాళ్ళూ మగ్గులు పట్టుకుని అలాగే కూర్చున్నారట. చివరికి అందరూ వాటిని ఒలకనీయకుండా గట్టు దాకా తెచ్చి కానుగ మొక్క మొదట్లో పోశారు, ఆ మొక్క ఇప్పుడు నా భుజం దాకా ఎదిగింది. ఆయన నవ్వుతూ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. హిందూపురంలో పుట్టి కూడా నవ్వుతాడే, మీ వీధిలో కుళాయి ఎన్నాళ్ళకొకసారి వచ్చేదో మీ అమ్మను అడుగు, సముద్రం మీద తిరిగి తిరిగి మర్చిపోయినట్టున్నావు. మేము మర్చిపోలేదు. మా ఇంట్లో నీళ్ళు నేలకు చేరే లోపల నాలుగు పనులు చేసేవి. బియ్యం కడిగినవి మేకలకు, గిన్నెలు కడిగినవి కరివేపాకు చెట్టుకు, స్నానం చేసేది పెద్ద బేసినులో నిలబడి, ఆ నీళ్ళతో బట్టలు, బట్టల నీళ్ళు వాకిలికి. అమ్మ దృష్టిలో ఊరికే పారే నీళ్ళంటూ ఉండవు. ఇప్పుడింట్లో కుళాయి ఉంది, తిప్పితే వస్తుంది, అయినా పొద్దున లేచి ఉన్న బిందెలన్నీ నింపి, చెంబులు నింపి, చివరికి గ్లాసులు కూడా నింపి మూతలు పెడుతుంది.

ట్యాంకరు వచ్చిన రోజు. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు, పొద్దున్నుంచి నిలబడి, తోసుకుని, మోచేతి చర్మం లేచిపోయి, బిందె నింపుకుని నడుం మీద పెట్టుకుని వచ్చాను, వీధంతా ఒక్క చుక్క ఒలకలేదు, గడప దగ్గర కాలు తట్టుకుంది. బిందె పడిన చప్పుడు ఇప్పటికీ వినబడుతుంది. నీళ్ళు బండల మీద నుంచి ఎంత తీరిగ్గా పోయాయో. అమ్మ లోపల నుంచి వచ్చింది, "పారబోస్తివా? అంతా పారబోస్తివా?" అని చెంప మీద కొట్టింది. కొట్టి, అదే చేత్తో చీర కొంగు నేల మీద వేసి తడి అద్ది, చెంబులో పిండింది. మళ్ళీ అద్దింది, మళ్ళీ పిండింది. చెంబుకు అడుగు కూడా నిండలేదు, మట్టి రంగు నీళ్ళు. నేను ఏడవడం మానేసి చూస్తూ నిలబడ్డాను, ఎందుకంటే ఏడుస్తున్నది అమ్మ. దెబ్బ ఎప్పుడో మర్చిపోయాను. ఆ పిండడం మర్చిపోలేదు.

మలుపు. తిరగాలిప్పుడు, లేకపోతే ఆ స్తంభాల్లోకి పోతాను. తాడు బిగించాను, కర్ర నెట్టాను, వంగాను, రా తల్లీ, తిరుగు. పడవ ముక్కు గాలికి ఎదురుగా వచ్చి ఆగిపోయింది. తిరగలేదు. తెరచాప నడిమధ్యలో నిలబడి పటపటా కొట్టుకుంటోంది, పడవ వెనక్కి పోతోంది, డ్రమ్ము వైపు. మళ్ళీ. కర్ర అటు, ఇటు, పాత దిక్కుకే తిరిగి కాస్త వేగం పుంజుకున్నాను, మళ్ళీ నెట్టాను, మళ్ళీ అక్కడే ఆగింది. ఎందుకు? గట్టు దగ్గర ఎన్నిసార్లు తిప్పాను, బొంగరంలాగా తిరిగేది, ఇప్పుడు గర్భిణిలాగా బరువుగా కదులుతోంది, గాలి చాలక కాదు, గాలి ముఖం పగిలేటంత ఉంది. ఆగిన చోట అలలు ఇంకా చిమ్ముతున్నాయి, మళ్ళీ నీళ్ళు చేరాయి, మగ్గు పట్టుకున్నాను, ముంచాను, ఎక్కడ పోయాలి? బకెట్టు నిండి ఉంది. నిండు మగ్గు గాల్లో పట్టుకుని అలాగే ఉన్నాను. ఇంకో బకెట్టు ఇచ్చి ఉంటే బాగుండేది కదా అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. చుట్టూ కృష్ణ, మధ్యలో నేను, ఎంఏ, బీఈడీ, ఇంకో బకెట్టు కావాలని.

గట్టు మీద ఆయన నడుస్తున్నాడు. మోటారు బోటు ఉన్న వైపు నడుస్తున్నాడు. వద్దు సార్, వద్దు, ఇంకొక్కసారి చూస్తాను, నా అరుపు నాకే తిరిగొచ్చింది, గాలి అటు నుంచి ఇటు వస్తుంటే నా మాట అటు ఎలా పోతుంది. వాళ్ళ మాటలు మాత్రం వస్తున్నాయి, ముక్కలు ముక్కలుగా, పిల్లలందరూ నీళ్ళ అంచుకు వచ్చి అరుస్తున్నారు, మేడం, మేడం, ఇంకేదో. సారు మోటారు బోటు తాడు విప్పుతూ చేత్తో ఏదో సైగ చేస్తున్నాడు, దోసిలి పట్టి పక్కకు విసిరినట్టు. అర్థమైంది. బకెట్టు. మోకాళ్ళ మధ్య పసిబిడ్డలాగా కూర్చోబెట్టుకున్నానే ఈ బకెట్టు. అయ్యో నా తెలివి తగలెయ్య, నీళ్ళు పడవ అడుగున ఉన్నా బకెట్టులో ఉన్నా పడవకు అదే బరువు కదా, ఇది ఏడో తరగతి పిల్లకు కూడా తెలుసు. పారబోయాలి. అంతే. అంచు మీదకు ఎత్తి వంచితే చాలు. ఎత్తాను. అంచు మీద పెట్టాను. వంచలేకపోయాను. చెబితే నవ్వుతారు, నవ్వనీ, చెయ్యి వంగలేదు, చెంప మీద సరిగ్గా ఆ చోట వేడిగా అనిపించింది, ఎదురుగా రాయి మీద అమ్మ కూర్చుని చూస్తోంది, అమ్మ చూస్తుండగా నిండు బకెట్టు.

అమ్మ రాయి మీద లేదు. లేచింది. పిల్లలను పక్కకు నెట్టుకుంటూ ముందుకొచ్చింది, చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టింది, చెప్పులతోనే నీళ్ళల్లో దిగింది. పల్లంలో మేకలు కాస్తున్న వాళ్ళను గుట్ట మీద నుంచి కేకేసి పిలిచిన గొంతు అది, నోటికి అటో చెయ్యి ఇటో చెయ్యి అడ్డం పెట్టుకుని కేకేసింది. గాలి దాన్ని తెచ్చి నా ఒళ్ళో వేసింది.

"ఈశ్వరీ! పారబొయ్యే! నా తల్లి కదా, అన్నీ పారబొయ్యే!"

వంచేశాను. చప్పుడు కూడా లేదు. నీళ్ళు నీళ్ళల్లో కలిసిపోయాయి, చిన్న సుడి, కాస్త నురగ, ఎక్కడ పోశానో చూపించమన్నా చూపించలేను. ఎవరూ కొట్టలేదు. ఏమీ తగ్గలేదు. ఇంత సులువా ఇది. బకెట్టుతోనే ముంచాను, అడుగునున్న నీళ్ళు ఎత్తి విసిరాను, మళ్ళీ ముంచాను, మళ్ళీ విసిరాను, మగ్గు ఎటో దొర్లిపోయింది, చున్నీ ఎటో పోయింది, విసురుతూ ఉంటే భుజాల్లోంచి ఏదో వదులుతోంది, ఇన్నేళ్ళూ ఒలకకుండా నడిచిన నడక ఏదో నా నడుంలో గడ్డకట్టి ఉన్నట్టుంది, అది వదులుతోంది. ఏడుస్తున్నానని నోట్లోకి ఉప్పగా వచ్చినప్పుడు తెలిసింది, ఈ రిజర్వాయరులో ఉప్పెక్కడిది. పడవ తేలికైంది, తాడు లాగగానే చటుక్కున కదిలింది. ఇప్పుడు గాలి కావాలి, ఒక్క మంచి విసురు. కళ్ళంలో పీట మీద చేట ఎత్తుకుని నిలబడేది అమ్మ, చెనిక్కాయలు తూర్పారబట్టడానికి, గాలి పడిపోతే అలాగే చేతులు పైకి పెట్టుకుని ఎంతసేపైనా నిలబడేది, దించేది కాదు, చెవి పక్క వెంట్రుక కదిలితే చాలు, "వచ్చె, వచ్చె" అనేది, అప్పుడు పోసేది. నా ఎడమ చెవి పక్క వెంట్రుక కదిలింది. వచ్చె, వచ్చె. తాడు బిగించాను, కర్ర నెట్టాను, వంగాను. ముక్కు గాలికి ఎదురుగా వచ్చింది, ఒక్క క్షణం ఆలోచించింది, తిరిగింది. తెరచాప రెండో పక్కకు పోయి నిండిపోయింది. గట్టు మీద నుంచి పిల్లల కేక, ఇన్ని గొంతులూ నా కోసమే. సారు విప్పిన తాడును మళ్ళీ కట్టేస్తున్నాడు, నాకు స్పష్టంగా కనిపించింది, కట్టేస్తున్నాడు.

ఇంకో మలుపు, ఇంకో మలుపు, భయం లేదని కాదు, ఉంది, అది ఉన్నా చెయ్యి పని చేస్తోంది. గట్టు పెద్దదవుతోంది, కానుగ మొక్క కనబడుతోంది, బస్సు కనబడుతోంది, అశ్విని పళ్ళు కనబడుతున్నాయి, దాని పై వరసలో ఒక పన్ను వంకరని నాకింతవరకూ తెలియదు, ఎప్పుడు నవ్వింది గనక. అడుగు ఇసుకకు తగిలి గరగరమంది. ఎంత హాయి చప్పుడు. పిల్లలు నలువైపులా వచ్చి పడవను పట్టుకున్నారు, నేను దిగబోయి జారి మోకాలు లోతు నీళ్ళల్లో కూలబడ్డాను, ఎవరూ నవ్వకముందు నేనే నవ్వాను.

"దాటేసినారు మేడం" అన్నాడు శశికుమార్ సారు. చెయ్యి ఇచ్చి లేపాడు. "నిండు బకెట్టును ఒళ్ళో పెట్టుకొని తిప్పుదామనుకొంటిరే! నేను బోటు విప్పేసింటి, ఇంగ అయిపాయె అనుకొంటి."

"సార్, మేడం పాసా?" అశ్విని. గట్టిగా, అందరి ముందు.

"పాసమ్మా. వచ్చే శనివారం రాండి. మీ మేడమే మిమ్మల్ని తీసుకొని పోతాది."

పిల్లలు ఎగిరారు. అశ్విని ఎగరలేదు, నా దగ్గరికి వచ్చి నా జాకెట్ బకిల్స్ ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టింది, మూడోది విప్పి, మర్చిపోయి మళ్ళీ పెట్టేసింది, అప్పటిదాకా ఈ పిల్ల ఎంత బిగబట్టుకుని ఉందో. "నేను తిరిగి రాలేదంటే నువ్వు పడవ నడిపేది ఎప్పుడు" అని ఏదో అర్థం లేకుండా అన్నాను, అది తల నా భుజానికి ఆనించింది, అంతే, ఇద్దరం తడిసే ఉన్నాం కాబట్టి ఎవరి తడి ఎవరిదో తెలియలేదు.

అమ్మ ఏదీ? అమ్మ పడవ దగ్గరుంది. బకెట్టు కట్టిన తాడు విప్పి, దాన్ని చేతిలోకి తీసుకుని లోపలికి తొంగి చూస్తోంది. నాకు ఒక్కసారి మళ్ళీ తొమ్మిదేళ్ళు వచ్చాయి.

"చుక్క కూడా మిగల్లేదే" అంది.

"లేదుమా."

తలూపింది. రిజర్వాయరు వైపు చూసింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎంత తగ్గిందో లెక్క చూస్తున్నట్టు చూసింది. తర్వాత వంగి బకెట్టు నిండా ముంచింది. పట్టుకుందామని ముందుకు పోతే మోచేత్తో నన్ను నెట్టింది. రెండు చేతులతో నడుం దాకా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి విసిరింది. నీళ్ళు ఎండలో విప్పుకుని దూరంగా పోయి పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మ ముఖంలో ఆ నవ్వు నేను ఎప్పుడూ చూడలేదు, మోసం చేసి గెలిచిన చిన్నపిల్ల నవ్వు. మళ్ళీ ముంచింది, మళ్ళీ విసిరింది. చీర మొత్తం తడిసిపోయింది, కొంగు జారి భుజం మీద పడింది, జుట్టు ముడి ఊడింది, పట్టించుకోలేదు. డ్రైవరు హారను కొట్టాడు. పొద్దు వాలుతోంది, హాస్టల్లో భోజనాల టైము దాటిపోతుంది, పిల్లలు జాకెట్లు విప్పి ఆరేసి బస్సు వైపు నడుస్తున్నారు.

"మా, పోదాం రా. బస్సు కదులుతాది."

"వస్తాండాలే" అంది అమ్మ, బకెట్టు ముంచుతూ. "ఇంకొకటి పారబోసి వస్తా. వాణ్ణి నిలపమను."